వాసన లేని నూనె సబ్బు: విశాఖ ఉక్కపోతలో ఏళ్ల తరబడి వాడాక

ఎంవీపీ కాలనీలో మా ఇంటిల్లిపాదీ కొన్నేళ్లుగా వాడుతున్నది ఒకటే సబ్బు. రంగు లేదు, సెంటు లేదు, పేరున్న కంపెనీదీ కాదు. మధురవాడలో ఒకావిడ ఇంట్లోనే చేసి అమ్ముతారు. మా అమ్మాయికి మోచేతి మడతల్లో దురద ఎంతకీ తగ్గకపోతే, చర్మం డాక్టరుగారు ముందు సెంటు సబ్బులు మానిపించమన్నారు. అలా మొదలైంది. సబ్బే నయం చేసిందని చెప్పను, మందు కూడా రాశాం. మందు ఆపాక మాత్రం దురద మళ్లీ తిరగబెట్టలేదు.

మామూలు సబ్బు రేపర్ వెనక ‘పెర్ఫ్యూమ్’ అని ఒక్క మాటే ఉంటుంది. అందులో లినలూల్, లిమొనిన్ లాంటి వాసన పదార్థాలు ఎన్నయినా ఉండొచ్చు, అవి కొందరి ఒంటికి పడవు. ‘అన్‌సెంటెడ్’ అని ఉన్న సబ్బుల్లోనూ నూనె వాసన తెలియకుండా కాస్త సెంటు కలిపేవి ఉన్నాయి. అందుకని ముందువైపు ఏం రాశారన్నది వదిలేసి, దినుసుల జాబితా చదవండి.

ఈవిడ సబ్బులో కొబ్బరి నూనె, తవుడు నూనె, కాస్త ఆముదం, నీళ్లు, కాస్టిక్ సోడా. అంతే. కాస్టిక్ సోడా మాట వినగానే చాలామంది జడుసుకుంటారు. అది లేకుండా గట్టి సబ్బు బిళ్ల తయారవదు. ‘కెమికల్ లేని సబ్బు’ అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. లెక్క సరిగ్గా కుదిరితే సోడా అంతా నూనెతో కలిసి సబ్బుగా, గ్లిజరిన్‌గా మారిపోతుంది, విడిగా మిగలదు. కిలో కొబ్బరి నూనెకు దాదాపు 183 గ్రాముల సోడా పడితే, కిలో ఆముదానికి 128 గ్రాములు చాలు. చెంచాలతో, గ్లాసులతో కొలిస్తే కుదరని పని ఇది. ఆవిడ గ్రాముల కాటా మీద తూచి, సోడా 5 శాతం తగ్గించి వేస్తారు. అలా సోడాతో కలవని కాస్త నూనె సబ్బులో మిగిలి చర్మాన్ని ఎండనివ్వదు.

ఒకసారి దగ్గరుండి చూశాను. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు. నీళ్లలో సోడా పోశారు. సోడా మీద నీళ్లు పోస్తే ఎగజిమ్ముతుందట. చూస్తుండగానే నీళ్లు పొగలు కక్కాయి. గిన్నె స్టీలుదే కావాలి, అల్యూమినియాన్ని సోడా తినేస్తుంది. అది చల్లారాక నూనెల్లో కలిపి బ్లెండర్ తిప్పారు. పసుపుపచ్చ నూనె మెల్లగా తెల్లబడి, గరిటె ఎత్తి ధార పోస్తే ఆ గీత పైనే నిలిచేంత చిక్కబడింది. అప్పుడు అచ్చులో పోసి, పాత తువ్వాలు చుట్టి పెట్టారు. మర్నాడు ముక్కలు కోయడం, ఆ తర్వాత 4 నుంచి 6 వారాలు ఆరబెట్టడం. వానాకాలంలో మన ఊరి గాలికి అది కూడా చాలదని ఇంకొన్నాళ్లు ఉంచుతారు.

వాడకంలో బాగా నచ్చింది స్నానం తర్వాత ఒళ్లు బిగుసుకుపోకపోవడం. పెద్ద ఫ్యాక్టరీల్లో గ్లిజరిన్‌ను చాలావరకు వేరుచేసి అమ్ముకుంటారు, ఇందులో అది లోపలే ఉంటుంది. టీఎఫ్‌ఎం, అంటే సబ్బులో మొత్తం కొవ్వు పదార్థం ఎంత శాతమో చూసి కొనేవాళ్లకు ఒక మాట. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ లెక్కలో గ్రేడ్ 1 టాయిలెట్ సబ్బుకు 76 శాతం ఉండాలి, బాతింగ్ బార్‌కు 40 చాలు. ఇలా ఇంట్లో చేత్తో చేసిన సబ్బులో గ్లిజరిన్, తేమ మిగులుతాయి కాబట్టి ఆ అంకె ఒక్కదాన్నే పట్టుకుని దీన్ని తూచలేం.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆ గ్లిజరినే గాల్లో తేమను లాగుతుంది. సముద్రం గాలి తగిలే బాత్రూమ్‌లో సబ్బు మీద చెమట బిందువులు కడతాయి, నీళ్లు నిలిచే పెట్టెలో పెడితే గుజ్జయిపోతుంది. జల్లెడ అడుగున్న పెట్టె, కిటికీ పక్కన చోటు తప్పనిసరి. సబ్బును సగానికి కోసి ఒక ముక్కే బయట ఉంచితే ఎక్కువ రోజులు వస్తుంది. కుళాయి నీళ్లకు నురగ బాగానే వస్తుంది. గాజువాకలో మా అక్కావాళ్లది బోరు నీళ్లు, అక్కడ నురగ తక్కువ, బకెట్ అంచుకు తెల్లటి తెట్టు కడుతుంది. అది ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పని. తలకు మాత్రం వాడొద్దు, క్షారం ఎక్కువ కాబట్టి జుట్టు పీచులా తయారవుతుంది.

ధర మామూలు సబ్బుకు రెండింతల పైమాటే. అయినా మా ఇంట్లో మార్చే ఆలోచన లేదు. కాకపోతే ఒకేసారి ఎక్కువ కొంటే చవగ్గా వస్తుందని ఏడాదికి సరిపడా కొని పెట్టకండి. మిగిలిన నూనె ముక్కిపోయి సబ్బు మీద నారింజ రంగు మచ్చలు లేస్తాయి. కొనేముందు ఎప్పుడు కోశారో, ఎన్ని వారాలు ఆరబెట్టారో అడగండి. ఆ తేదీలు చెప్పలేని వాళ్ల దగ్గర నేను కొనను.