గండికోట మీద మేఘం, గుడారం గొడవ

మేలో గండికోటకా అని మా బావమరిది కారెక్కకముందే సణగడం మొదలుపెట్టాడు. పెన్నా లోయ చూడాలంటే చలికాలమే మంచిది, ఒప్పుకుంటాను. పిడుగుల ఫోటోల కోసం నాకు కావలసింది మాత్రం మధ్యాహ్నమంతా ఎండ కాచాక లేచే క్యుములోనింబస్, అంటే ఉరుములు మెరుపుల మేఘం, తల కమ్మరి దాగలిలా పరుచుకునే రకం.

హరిత హోటల్లో గదులు అయిపోయాయి. మీరు ముందే బుక్ చేసుకోండి. మేం గుడారాల వాళ్ళకు 1,600 కట్టాం, 'లోయ అంచునే సార్' అంటే మురిసిపోయి. తీరా చూస్తే బోడి బండ మీద ఇనుప గొట్టాలతో నిలబెట్టిన గుడారం. చుట్టుపక్కల అంతకన్నా ఎత్తయినది లేదు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళ పిడుగుల హెచ్చరిక యాప్ దామిని చూపించి, పిడుగులొస్తున్నాయి, డబ్బులు వాపసు ఇవ్వమన్నాను. "మబ్బు పడితే మేమేం చేస్తాం సార్? ఉరిమితే గుడారంలోకి పొండి" అన్నాడు గుడారం వాడు. గుడ్డ గుడారం పిడుగునేం ఆపుతుంది! అరగంట వాదించినా పైసా రాలలేదు.

ఆరున్నరకు పడమర నల్లబడింది. మెరుపు చూసి లెక్కపెట్టాను, ఇరవై నాలుగో సెకనుకు ఉరిమింది. మూడు సెకన్లకో కిలోమీటరు చొప్పున ఎనిమిది. ముప్పై సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే బయట ఉండకూడదు. ట్రైపాడ్ మడిచి కార్లో దూరి అద్దాలెత్తేశాం. జమ్మలమడుగులో 62 రూపాయలకు కొన్న కిలో బియ్యం సంచి డాష్‌బోర్డు మీద పెట్టి, దాని మీద కెమెరాను కుదురుగా నిలబెట్టాను. కెమెరా సెట్టింగులు: ఐఎస్ఓ 100, ఎఫ్ 8, ఒక్కో ఫ్రేముకు పదిహేను సెకన్లు, ఫోకస్ చేత్తోనే. కారు మీటర్ల వెలుగు అద్దంలో పడుతుంటే మావాడు తువ్వాలు కప్పాడు.

"బావా, ఆకలి."

"ఇంకొక్కటి రా."

అలా 114 ఫ్రేములు. పిడుగు పడినవి ఆరు. అందులో ఒకటి లోయ అవతలి గట్టు మీద మూడు పాయలుగా దిగింది, కింద బండల పగుళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. ఆ తర్వాత చినుకులు అద్దాన్ని కమ్మేశాయి, అంతే సంగతులు.

రాత్రి జమ్మలమడుగు లాడ్జి 900, సుఖంగా నిద్రపట్టింది. అంతకుముందు ఓ మెస్సులో రాగి సంగటి, నాటుకోడి పులుసు, మనిషికి 180. పొగలు కక్కుతున్న ముద్దలో గుంట చేసి పులుసు పోశాక మావాడి మొహం విచ్చుకుంది. గుడారం వాడిని మాత్రం ఇంకా తిడుతూనే ఉన్నాడు.