సంచీ భేష్, టోర్నికే మాత్రం మార్చాల్సిందే

విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర ఒక సర్జికల్ షాపులో ‘మిలటరీ ట్రామా కిట్’ పేరుతో అమ్ముతున్న, పెద్ద గాయాలకు ప్రథమచికిత్స సామానున్న ఖాకీ సంచీ ఇది. గాజువాక ఫ్యాబ్రికేషన్ షెడ్డుకో, పరవాడ ఫ్యాక్టరీకో, దూరప్రయాణాల కారుకో కొందామనుకునేవాళ్లు డబ్బు కట్టేముందు ఒకసారి చదవండి.

సంచీ కుట్టు గట్టిది. జిప్పు ఒక్క లాగుకు మూడు వైపులా విచ్చుకుంటుంది. రక్తం ఆపే సామాను పైన, ఊపిరికి సంబంధించినవి మధ్యలో, దుప్పటి అడుగున. యుద్ధరంగంలో మెడిక్ (సైనికులకు మొదటి చికిత్స చేసే మనిషి) చూసే వరసా ఇదే: ముందు పారుతున్న రక్తం, తర్వాత శ్వాసమార్గం, ఊపిరి, రక్తప్రసరణ, ఆపైన చలి. 2001–2011 మధ్య మరణించిన అమెరికన్ సైనికుల మీద జరిగిన అధ్యయనంలో, దక్కే అవకాశం ఉండీ పోయినవాళ్లలో పదింట తొమ్మిది మందిని తీసుకెళ్లింది రక్తస్రావమే.

తీరా ఆ రక్తం ఆపాల్సిన టోర్నికే (చేతికో కాలికో గాయం పైన చుట్టి, కర్రతో తిప్పి బిగించే పట్టీ) దగ్గరే ఈ కిట్ చెడింది. తొడకు బిగించి తిప్పితే రెండో తిప్పుకే ప్లాస్టిక్ కర్ర విల్లులా వంగింది, దాన్ని పట్టి ఉంచే కొక్కెం జారింది. వంగే కర్రతో వచ్చేది సగం బిగింపు. అది అసలు కట్టకపోవడం కన్నా చేటు: పైనుండే సిర మూసుకుంటుంది, లోపలి ధమని మాత్రం పారుతూనే ఉంటుంది, గాయం ఇంకా ఎక్కువ కారుతుంది. సన్న తాడు, చున్నీ బిగించినా జరిగేది ఇదే.

మంచిది తెచ్చుకున్నా కట్టే తీరు రావాలి. గాయానికి 2–3 అంగుళాల పైన (ఒంటి వైపు), కీలు మీద కాకుండా, జేబులో ఫోనో తాళాలో ఉంటే తీసేసి వేయాలి. కర్ర ముట్టుకోకముందే పట్టీని చేత్తో బలంగా లాగాలి. మూడు అరచుట్లు దాటి తిరుగుతోందంటే పట్టీ వదులుగా ఉన్నట్టే. రక్తం ఆగి, కింది నాడి అందకుండా పోవాలి. మనిషి నొప్పికి అరుస్తాడు. జాలిపడి వదులు చేయకూడదు. ఆగకపోతే దాన్ని ఆనుకుని, ఒంటి వైపున రెండోది. ఈ సంచీలో ఉన్నది ఒక్కటే! కట్టిన టైము రాయడానికి ఇచ్చిన పెన్ను చెమట పట్టిన చర్మం మీద పడదు, మార్కర్ వేరే కొనండి.

గాజ్ గుడ్డ బాగుంది, మడతలు మడతలుగా 4 గజాలు ఉంది. గజ్జల్లో, చంకలో టోర్నికే పట్టదు కాబట్టి అక్కడ దిక్కు ఇదే. గాయం మీద పరచడం కాదు, వేలితో అడుగుదాకా కుక్కాలి, రక్తం ఉబికే చోట ఆనాలి. రక్తం గడ్డకట్టించే మందు పట్టించినదైతే 3 నిమిషాలు, ఇలాంటి మామూలుదైతే 10 నిమిషాలైనా చేతులెత్తకుండా నొక్కాలి. మధ్యలో ఎత్తి చూస్తే కట్టిన గడ్డ ఊడుతుంది.

చెస్ట్ సీల్స్ (ఛాతీకి పడ్డ రంధ్రాన్ని మూసే జిగురు పట్టీలు) రెండిచ్చారు, తూటా దూరిన చోటుకొకటి, బయటపడ్డ చోటుకొకటి. మన సముద్రపు ఉక్కకు జిగురు నిలవదు, ముందు చెమట తుడవండి. అంటించాక ఆయాసం పెరిగితే అంచు ఎత్తి గాలి వదలాలి. లోపల చిక్కిన గాలి తీయడానికి ఛాతీలో గుచ్చే సూది పెట్టలేదు. మంచి పని చేశారు, శిక్షణ లేని చేతిలో అది కత్తితో సమానం.

రేకు దుప్పటి చూసి విశాఖలో చలేమిటని నవ్వకండి. రక్తం పోయిన ఒళ్లు మే నెలలోనూ చల్లబడుతుంది, చల్లబడ్డ రక్తం సరిగా గడ్డకట్టదు. ఫీల్డ్ ఎయిడ్ పోస్టుల్లో (యుద్ధరంగం దగ్గరి చికిత్స కేంద్రాల్లో) తడిబట్టలు తీసేసి కప్పేది అందుకే. పైన మాత్రమే కాదు, వీపు కిందికీ చుట్టాలి.

కత్తెర జీన్స్‌ను కోస్తుంది, తోలు బెల్టు దగ్గర మొరాయిస్తుంది.

కారు డాష్‌బోర్డు మీద మాత్రం ఉంచొద్దు. ఎండకు టోర్నికే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, బీచ్ ఇసుక పడితే వెల్క్రో పట్టు పోతుంది. సాధన చేసే టోర్నికే వేరు, సంచీలో పెట్టేది వేరు; పదేపదే బిగించినది అవసరానికి తెగుతుంది. టోర్నికే తీసేసి మిగతా సామానుతో సంచీ తక్కువకు ఇమ్మంటే షాపువాళ్లు ఇస్తారు, అడగండి.