పిల్లలకు ఏది నయం: ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, లేక సివిలైజేషన్ 6? రెండూ రాజ్యాలు కట్టి, ఏలే కంప్యూటర్ ఆటలు.

వయసు: అమెరికా రేటింగ్ ప్రకారం సివిలైజేషన్ 10 ఏళ్లు దాటినవాళ్లకు, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ (ఇకపై ఏజ్) 13 దాటినవాళ్లకు.

ఖర్చు: రెండింటికీ అదనపు భాగాలు విడిగా కొనాలి. మొదట అసలు ఆట చాలు.

సమయం: ఏజ్‌లో ఒక ఆట చాలాసార్లు గంటలో తేలిపోతుంది. సివిలైజేషన్ క్రీ.పూ. 4000లో మొదలై రోజుల తరబడి సాగుతుంది. ఎక్కడైనా సేవ్ చేసి లేవొచ్చు గానీ, "ఇంకొక్క టర్న్ (వంతు)" అంటూ కూర్చుండిపోతారు.

హింస: ఇక్కడే నేను ఎక్కువ ఆలోచించాను. ఏజ్‌లో పడిపోయిన సైనికుడి శవం అక్కడే ఉండి మెల్లగా ఎముకల గూడవుతుంది. చిన్నపిల్లలు దాన్నే చూస్తూ ఉండిపోతారు. సివిలైజేషన్‌లో పోరు బొమ్మల కొలువులా ఉంటుంది. అయితే అణుబాంబు వేసే వీలుంది, దాని గురించి పక్కన కూర్చుని మాట్లాడాలి. యుద్ధంతో పని లేకుండా విజ్ఞానంతోనో సంస్కృతితోనో గెలవొచ్చు, నాకు బాగా నచ్చింది ఇదే.

చరిత్ర: ఏజ్‌లో ఫ్రాన్స్ వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్ పోరాటం కథలా నడుస్తుంది. సివిలైజేషన్‌లో గాంధీ, క్లియోపాత్రా ఇరుగుపొరుగు రాజ్యాలేలుతారు. అది నిజం కాదని ముందే చెప్పాలి.

అపరిచితులతో ఆన్‌లైన్ ఆట రెండింటిలోనూ వద్దు.

ఓపికగా చదివే పిల్లలుంటే, మీరూ పక్కన కూర్చోగలిగితే సివిలైజేషన్. టీనేజీకి వచ్చి, చురుగ్గా ఆడి గంటలో లేవాలనుకుంటే ఏజ్.