ఖాళీ గవర్నమెంటు భవనాల లెక్క: రెవెన్యూ రికార్డు మేలా, గ్రామ సచివాలయం మేలా?

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు కలెక్టరేట్‌కు సొంత భవనం లేదు. తిరుచానూరులో టీటీడీ కట్టించిన పద్మావతి నిలయంలో ఆఫీసులు పెట్టారు. అంత పెద్ద భవనం కాబట్టి అందరికీ గుర్తుంది. మండలాల్లో తాళం పడిన రెండు గదుల భవనాలు ఎవరికి గుర్తుంటాయి?

భూమి వరకైతే రెవెన్యూ రికార్డే గట్టిది. సర్వే నంబరు, విస్తీర్ణం, పోరంబోకా బంజరా అన్నది ఆర్‌ఎస్‌ఆర్‌లో (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), ఊరి భూముల లెక్క రాసే అడంగల్‌లో దొరుకుతుంది. కోర్టులో తగాదా వస్తే వాటినీ చూస్తారు. నిషేధిత భూముల 22-ఏ జాబితా అయితే రిజిస్ట్రేషన్‌ను ఆపగలదు. కానీ ఆ స్థలంలో గది ఉందా, అందులో ఎవరైనా ఉన్నారా అంటే ఈ కాగితాలు జవాబు చెప్పవు.

శాఖలు ఎవరి రిజిస్టరు వారు రాసుకోవడం నాకు నచ్చదు. ఖాళీ అని రాస్తే పక్క శాఖ తీసుకుపోతుందన్న భయం ఏ శాఖకైనా ఉంటుంది.

అందుకే భవనాల లెక్క గ్రామ సచివాలయంలోనే మొదలవ్వాలంటాను. సర్వేయరు, ఇంజినీరింగ్ అసిస్టెంటు, వీఆర్వో ముగ్గురూ ఒకసారి కలిసి వెళ్తే చాలా తేలుతుంది. స్లాబు కింద పెచ్చులూడి కమ్మీలు బయటపడ్డాయా, పిట్టగోడలో రావి మొక్క వేరు దిగిందా, బోరు పనిచేస్తోందా చూడాలి. కరెంటు మీటరును అస్సలు వదలకూడదు. నెలల తరబడి యూనిట్లు కదలకపోతే, రిజిస్టరులో ఏం రాసి ఉన్నా ఆ భవనం ఖాళీయే.

ఇందులోనూ చిక్కుంది. ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు ఆ గదిలో గడ్డి, ఎరువుల బస్తాలు వేసుకుని ఉంటే ఉద్యోగి ఖాళీ అని రాయడానికి జంకుతాడు. ఫొటోతో సహా జాబితాను గ్రామసభలో చదివి, నోటీసు బోర్డులో అంటిస్తేనే అతనికి ధైర్యం.

లెక్క ఏటా సరిచూడాలి కూడా. 2022లో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపితే కొన్ని ప్రైమరీ బడుల్లో గదులు ఖాళీ అయ్యాయి. తర్వాత ఆ విధానమే మారింది. పాత జాబితా పట్టుకుని గది ఇంకొకరికి ఇచ్చేస్తే పిల్లలు వరండాలో కూర్చోవాలి.

జాబితాలో ఇంకో గడి తప్పకుండా ఉండాలి: ఎందుకు ఖాళీగా ఉంది? చిత్తూరు విజయ డెయిరీ 2002లో మూతపడిందని ఊరంతటికీ తెలుసు. అయినా అమూల్‌తో మళ్లీ తెరిచేందుకు శంకుస్థాపన జరిగింది 2023లో. అన్నాళ్లూ దాని మెడకు బకాయిలు చుట్టుకుని ఉండేవి. బకాయి, కోర్టు కేసు, పాడైన స్లాబు, ఒక్కోదానికి మందు వేరు.

రెండిట్లో ఏది మేలంటే, భూములకు రెవెన్యూ, భవనాలకు సచివాలయం. రెండు జాబితాల్లోనూ సర్వే నంబరు ఒకేలా రాస్తే కలపడం కష్టం కాదు. ముందుగా అద్దె గదుల్లో నడిచే అంగన్‌వాడీలున్న ఊళ్లు చూడాలి. అక్కడ పనికొచ్చే గది ఒక్కటి దొరికినా నెలనెలా అద్దె మిగులుతుంది, పిల్లలకు ఆడుకోవడానికి చోటూ దొరుకుతుంది.