ఈఎల్ఎం 327 బ్లూటూత్ డాంగిల్: కారవాన్ ఇంజన్ వేడిని అంకెల్లో చూపే డబ్బా

విజయవాడ ఆటోనగర్‌లోని యాక్సెసరీస్ కొట్లలో కొన్ని వందలకే దొరికే చిన్న డబ్బా ఇది. స్టీరింగ్ కిందుండే పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్‌లో (బండి కంప్యూటర్ చెప్పేది చదివే చోటు) పెట్టి, ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ తెరిస్తే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఎన్ని డిగ్రీలుందో తెలుస్తుంది. డీజిల్ కారవాన్‌కి ఆ ఒక్క అంకె కోసమైనా కొనొచ్చు. డ్యాష్‌బోర్డు ముల్లు చాలా బళ్లలో మధ్యకొచ్చి అక్కడే నిలబడిపోతుంది. 75 అయినా 95 అయినా దానికి ఒకటే.

రాత్రంతా ఆగిన బండికి పొద్దున తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకముందే కూలెంట్, ఇన్‌టేక్ (ఇంజన్‌లోకి వెళ్లే) గాలి డిగ్రీలు చూడండి. రెండూ దాదాపు ఒకేలా ఉండాలి. చల్లారిన ఇంజన్ 50 అని చూపిస్తుంటే తప్పు సెన్సర్‌దో వైరింగ్‌దో. ఆ లెక్కే నమ్మి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి వేడినిచ్చే గ్లో ప్లగ్గులను సరిగా వేడి చేయదు. ఇక తెల్ల పొగ, మొరాయింపు. అలాంటప్పుడు ప్లగ్గులు మార్చడం డబ్బు దండగ.

ఐడిలింగ్‌లో పెట్టి టీ తాగొచ్చే అలవాటు ఎంత వృథానో యాప్ చూస్తే అర్థమవుతుంది. అంకె నత్తనడక నడుస్తుంది. ఐడిలింగ్‌లో కాలే డీజిలే తక్కువ, వేడెక్కడం ఎక్కడ? పైగా కాలని డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది, బీఎస్-6 బండైతే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్‌లో మసి పేరుకుంటుంది. డ్యాష్‌బోర్డులో గ్లో ప్లగ్గుల కాయిల్ లైటు ఆరాక యాక్సిలరేటర్ తొక్కకుండా సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ లైటు ఆరాక విజయవాడ చలికి అర నిమిషం చాలు, లంబసింగిలో రాత్రి ఆగితే ఒకట్రెండు నిమిషాలు. ఆపైన 60 డిగ్రీలు దాటేదాకా 2000 ఆర్‌పీఎం లోపే నడపండి. కూలెంట్ 80 చూపినా ఆయిల్ ఇంకా అంత వేడెక్కదు, హైవే ఎక్కగానే తొక్కేయొద్దు. బెంజ్ సర్కిల్ మీదుగా వెళ్లేవాళ్లకు తొక్కే అవకాశం ఎటూ ఉండదనుకోండి.

అన్నిటికన్నా పనికొచ్చేది థర్మోస్టాట్ గుట్టు తేల్చడం. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్ అది. మన ఎండలకు ఇంజన్ మరిగిపోతుందని వాల్వ్ పీకి పారేసే షెడ్లున్నాయి. సెకండ్ హ్యాండ్ వ్యాను మీద కట్టించిన కారవాన్ అయితే ముందు ఇదే చూడాలి. గుంటూరు దారిలో ఇరవై కిలోమీటర్లు నడిచినా 65 దగ్గరే ఆడుతుంటే, ఘాట్ దిగేటప్పుడు 80 నుంచి 55కి జారిపోతుంటే, వాల్వ్ లేనట్టు, ఉన్నా తెరుచుకునే ఇరుక్కున్నట్టు. అలా నడిస్తే డీజిల్ ఎక్కువ తాగుతుంది, డీపీఎఫ్ తనను తాను శుభ్రం చేసుకోదు. కొత్త వాల్వ్, గ్యాస్కెట్ వేయించి, కూలెంట్ పోశాక గాలి పూర్తిగా తీయించండి. గాలి మిగిలితే సెన్సర్ పిచ్చి అంకెలు చూపిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. మార్కెట్లో ఎక్కువ నకిలీ ఈఎల్ఎం చిప్పులే, కొన్ని బళ్లతో కలవవు. కొట్లోనే బండికి పెట్టి చూసి కొనండి. ఐఫోన్‌కి మామూలు బ్లూటూత్‌ది పనిచేయదు, వైఫైదో బీఎల్ఈ (తక్కువ కరెంటు బ్లూటూత్) రకమో అడగాలి. ఆయిల్ డిగ్రీలు చాలా బళ్లు ఇవ్వవు. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టులు కనిపిస్తే ఆల్టర్నేటర్ బాగున్నట్టే, కానీ సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ ఎంత పడిందో పట్టుకునేంత వేగం దీనికి లేదు, అది మల్టీమీటర్ పని. సాకెట్‌కి కరెంటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి వారాల తరబడి నిలిపే కారవాన్‌లో దీన్ని పీకి డ్యాష్‌బోర్డులో పడేయండి.