మా బడి ల్యాబులో లినక్స్ మింట్: ఏళ్ల తరబడి వాడాక ఒక కంప్యూటర్ టీచర్ సమీక్ష

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. పిల్లల ల్యాబుకు, విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ను మించినది నాకు ఇంతవరకు కనిపించలేదు. అదే బడి ఆఫీసు గదికి మాత్రం దాన్ని నేను సిఫారసు చేయను.

ఉప్పల్ వైపు ఒక చిన్న ప్రైవేటు బడిలో ఆరు నుంచి పదో తరగతి దాకా కంప్యూటర్ పాఠాలు చెబుతాను. 2022 దసరా సెలవుల్లో ల్యాబు యంత్రాల నుంచి విండోస్ 10 తీసేసి మింట్ 21 వేశాం. మింట్‌లో మూడు రకాలు ఉంటాయి. మేము ఎంచుకున్నది వాటిలో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ. 2025 వేసవి సెలవుల్లో 22వ వెర్షన్‌కు మారాం. దీనికి 2029 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. కొత్తది వేసిన మొదటి నెలలో రాసే సమీక్షల మీద నాకు నమ్మకం లేదు. పరీక్షల కాలం, కరెంటు కోతలు, పిల్లల అల్లరి అన్నీ చూశాకే ఏదైనా రాయాలనుకున్నాను.

మా యంత్రాలు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నవి. సీటీసీ అంటే నగరంలో కంప్యూటర్ కొన్న ప్రతివారికీ తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు వదిలించుకున్న డెస్క్‌టాప్‌లు అక్కడ వరుసగా పేర్చి ఉంటాయి. మావి నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్లు, 4 జీబీ ర్యామ్. విండోస్ 11కు అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సాధారణ మద్దతు ఆగిపోతుందని 2021లోనే చెప్పారు. అంటే నిక్షేపంలా పనిచేసే పెట్టెలను ఒక తేదీ రాగానే తుక్కు కింద చూడాలి. యాజమాన్యం లినక్స్‌కు ఒప్పుకున్నది సిద్ధాంతం చూసి కాదు, ఈ లెక్క చూసి. పాత హార్డ్‌డిస్క్ తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ పెడితే పెట్టెలు పరుగెత్తాయి. 4 జీబీతో బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే మాత్రం నత్తనడకే. పిల్లలకు నాలుగు ట్యాబ్‌ల నియమం పెట్టాను, నియమాన్ని ఎవరూ పాటించరు.

నాకు అన్నిటికంటే నచ్చినది ఎవరూ పెద్దగా మాట్లాడని సౌకర్యం. లాగిన్ విండో సెట్టింగుల్లో అతిథి సెషన్‌ను అనుమతించే మీట ఒకటి ఉంది. దాన్ని ఆన్ చేస్తే పేరు, పాస్‌వర్డ్ ఏమీ లేకుండా ఎవరైనా కూర్చుని పని చేసుకోవచ్చు. లాగౌట్ చేయగానే ఆ సెషన్‌లోని ఫైళ్లు, బ్రౌజర్ చరిత్ర, తెరిచి మరిచిపోయిన ఈమెయిల్ అన్నీ చెరిగిపోతాయి. తర్వాత కూర్చున్న పిల్లవాడికి ముందు కూర్చున్న అమ్మాయి ఏం వెతికిందో తెలియదు. అంతకుముందు అందరికీ ఒకే ఖాతా ఉండేది. ఎవరో తెరిచి వదిలేసిన ఖాతాలోకి ఇంకెవరో దూరి వెకిలి సందేశాలు పంపడం, ఆ పంచాయతీ స్టాఫ్ రూమ్ దాకా రావడం మామూలుగా జరిగేది. ఇప్పుడు ఆ గొడవ లేదు. పిల్లలకు గోప్యత గురించి ఎన్ని పాఠాలు చెప్పినా, యంత్రమే వాళ్లను గుర్తుపెట్టుకోకపోవడం చేసినంత మేలు చేయలేదు.

దీనికి ఇంకో ఫలితం ఉంది, అది నేను ఊహించనిది. ఫోను చేతబట్టి పెరిగిన పిల్లలకు ఫైలు అనేది ఎక్కడో ఒకచోట ఉంటుందన్న ఊహే లేదు. ఫోనులో యాప్ తెరిస్తే పని అక్కడే ఉంటుంది, వాళ్లు దాచాల్సిన పని లేదు.

“సేవ్ చేశాను మేడం.”

“ఎక్కడ?”

“కంప్యూటర్‌లో.”

అతిథి సెషన్‌లో ఈ జవాబు చెల్లదు. కంప్యూటర్‌లో సేవ్ చేస్తే గంట కొట్టేసరికి పోతుంది. పెన్‌డ్రైవ్‌లోనో, నా యంత్రంలోని తరగతి ఫోల్డర్‌లోనో పెట్టాలి. ఆ ఫోల్డర్‌లో పేర్లు ఉండవు, రోల్ నంబర్లే. రెండు వారాలు ఏడుపులు, అలకలు నడిచాయి. ఆ తర్వాత ఏడో తరగతి పిల్లలు ఫోల్డర్‌లో ఫోల్డర్, దానిలో తేదీ వేసి ఫైలు పేరు పెట్టుకోవడం చూశాను. ఇదే పాఠం బోర్డు మీద బొమ్మలు గీసి ఏళ్లపాటు చెప్పాను, ఒక్కరి బుర్రకూ ఎక్కలేదు.

నష్టం కూడా ఇక్కడే ఉంది. కరెంటు పోతే సేవ్ చేయని పనే కాదు, ఆ సెషన్‌లోనే సేవ్ చేసినదీ పోతుంది. యూపీఎస్ బ్యాటరీలు ముసలివైతే ఈ పద్ధతి నరకం. అతిథి సెషన్ పెట్టాలనుకునేవారు ముందు బ్యాటరీలు మార్చుకోండి.

పెన్‌డ్రైవ్‌ల సంగతి వేరే చెప్పాలి. జిరాక్స్ సెంటర్‌కు వెళ్లివచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోవడం ఈ నగరంలో తెలియనివారు ఉండరు. విండోస్‌లో దాన్ని నొక్కితే వైరస్ పనిచేయడం మొదలుపెట్టి యంత్రానికి అంటుకునేది. మింట్‌లో అది ఉత్త చచ్చిన ఫైలు. వైరస్ తెచ్చిపెట్టిన వింత ఫైళ్లు కొన్ని అక్కడ బయటపడతాయి, అసలు ఫోల్డరు కూడా అక్కడే భద్రంగా ఉంటుంది. వైరస్ అంటే దయ్యం కాదు, ఎవరో రాసిన ఒక ప్రోగ్రాము అని చూపించడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. తొమ్మిదో తరగతి వాళ్లు ఇళ్లలోని పెన్‌డ్రైవ్‌లు ఏరుకొచ్చి మరీ శుభ్రం చేసుకుంటున్నారు. కొందరు టీచర్లూ తెస్తున్నారు, కానీ గంట కొట్టాక, పిల్లలు చూడకుండా.

బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్ దీనితోనే వస్తుంది. ఒక చిన్న పాలసీ ఫైలు రాసి సిస్టమ్ ఫోల్డర్‌లో పెడితే అతిథి సెషన్‌కూ వర్తిస్తుంది. పాస్‌వర్డ్‌లు దాచుకోమని అడగకపోవడం, ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ తప్పనిసరిగా ఉండటం, మొదటి పేజీగా మా బడి పాఠాల జాబితా రావడం, అన్నీ ఆ ఒక్క ఫైలుతోనే. టెన్త్ ఫలితాల రోజున ఇది ఎంత అవసరమో తెలుస్తుంది. ఫలితాలు చూపిస్తామనే పేజీల్లో అసలు బటన్ ఒకటి, దాని చుట్టూ ప్రకటనల నకిలీ బటన్లు నాలుగు, పైగా ఫోన్ నంబరు ఇమ్మనే పెట్టె. పేజీ తెప్పించబోయిన ప్రకటనల్లాంటివి ఎన్నిటిని అడ్డుకుందో ఆ సంఖ్య యూబ్లాక్ గుర్తు మీద కనిపిస్తుంది. ఒకే హాల్‌టికెట్ నంబరును ప్రభుత్వ సైట్‌లోనూ ప్రైవేటు సైట్‌లోనూ వేసి ఆ సంఖ్యలు పోల్చమంటాను. తర్వాత ఉపన్యాసం అక్కర్లేదు.

ఇది మన దగ్గరి చిల్లర సైట్ల సమస్య మాత్రమే కాదు. కరోనా కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు సిఫారసు చేసిన 160కి పైగా విద్యా యాప్‌లను, సైట్లను హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ పరిశీలించి 2022 మే నెలలో నివేదిక ఇచ్చింది. వాటిలో దాదాపు 90 శాతం పిల్లల హక్కులకు ముప్పు తెచ్చే రీతిలో సమాచారాన్ని వాడుతున్నాయని తేల్చింది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, అది నిర్ధారించుకోగలిగేదై ఉండాలి. పిల్లలకు సంబంధించిన బాధ్యతలు తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. చదువుకు, పిల్లల భద్రతకు సంబంధించి విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. నేను చూసేది మాత్రం చిన్న విషయం: ల్యాబులో ఒక్క పిల్లవాడి పేరు మీద కూడా ఖాతా తెరవకపోతే, సంతకం పెట్టించుకోవలసిన కాగితాలలో సగం అక్కర్లేకుండా పోతాయి.

మింట్‌తో వచ్చే బొమ్మల ప్రోగ్రాముల్లో ఫోటో వివరాలు తెరిచి చూపే పాఠం మా పిల్లలకు బాగా ఇష్టం. చార్మినార్ దగ్గర లొకేషన్ ఆన్‌లో ఉంచి తీసిన ఫోటో తెస్తే దానిలో 17.36, 78.47 లాంటి అక్షాంశ రేఖాంశాల అంకెలు కనిపిస్తాయి. వాటిని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వేస్తే నిలబడిన చోటు వచ్చేస్తుంది. ఇంటి మేడ మీద తీసిన ఫోటోకు ఇదే చేశాక ఒకమ్మాయి ఆ సాయంత్రమే తన ఫోనులో లొకేషన్ అనుమతి తీసేసింది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉండిపోతాయి. ఈ తేడా చాలామంది పెద్దలకే తెలియదు.

తెలుగు టైపింగ్ సంగతి. ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు లేఅవుట్ సిస్టమ్‌లోనే ఉంది, అతిథి సెషన్‌లోనూ దొరుకుతుంది కాబట్టి పిల్లలకు అదే నేర్పాను. ఐబస్ అనే టైపింగ్ సాధనం ద్వారా ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేది), ఆపిల్ పద్ధతులు కూడా ఉన్నాయి గానీ అతిథి సెషన్‌లో ప్రతిసారీ మళ్లీ అమర్చుకోవాలి. మింట్‌తో వచ్చే ఆఫీసు ప్రోగ్రాము లిబ్రేఆఫీస్‌లో ఒత్తులు, గుణింతాలు చక్కగా వస్తాయి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి ఉచిత ఫాంట్లు వేసుకుంటే గోడపత్రికలకు కళ వస్తుంది. స్పెల్‌చెక్ మాత్రం పేరుకే. మన మాటలకు చేరే ప్రత్యయాలు, సంధులు దానికి అంతుపట్టవు, సగం పేజీకి ఎర్రగీతలు గీస్తుంది. నేను దాన్ని ఆపేశాను.

ఇక ఆఫీసు గది. ప్రశ్నపత్రాలు చేసే డీటీపీ ఆయన ఇప్పటికీ అను అనే పాత తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌తో పనిచేస్తారు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది, లినక్స్‌కు ఎప్పుడూ రాలేదు. అను ఫైళ్లు యూనికోడ్ (ఇప్పటి కంప్యూటర్లన్నీ చదివే అక్షర పద్ధతి) కావు గనుక లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తుల వాన కురుస్తుంది. బయటి నుంచి వచ్చే గౌతమి ఫాంట్ పత్రాలలో పేజీలు జరిగిపోతాయి, ఎందుకంటే ఆ ఫాంట్ విండోస్‌తో వచ్చేది. అన్నిటికంటే తల ప్రాణం తోకకు తెచ్చింది ప్రింటరు. ఏ వీధి జిరాక్స్ సెంటర్‌లో చూసినా కనిపించే ఆ చిన్న లేజర్ ప్రింటరు మా దగ్గరా ఉంది. ఒకరోజు ప్రింట్ వస్తుంది, మర్నాడు మౌనవ్రతం. హాల్‌టికెట్లు ఇవ్వాల్సిన ఉదయం ఈ పరీక్ష ఎవరికీ వద్దు. ఆఫీసులో ఒక విండోస్ యంత్రం ఉంచాం, ఉంటుంది కూడా. ల్యాబు మొత్తాన్ని, ఆఫీసునూ ఒకేసారి మార్చేయాలని పట్టుబట్టే లినక్స్ అభిమానులు ఒక్క మార్చి నెల బడి ఆఫీసులో కూర్చుని చూడాలి.

స్క్రాచ్ విషయంలోనూ ఒక మెలిక ఉంది. దిమ్మెలు పేర్చి ప్రోగ్రాములు రాయడం పిల్లలకు నేర్పే, ఎంఐటీలో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌కు విండోస్, మ్యాక్ డెస్క్‌టాప్ యాప్‌లు ఉన్నాయి, లినక్స్‌కు అధికారిక యాప్ లేదు. మేము దాని బదులు టర్బోవార్ప్ వాడుతున్నాం. అవే దిమ్మెలు, అవే ఫైళ్లు, నెట్ అక్కర్లేదు, ఖాతా అక్కర్లేదు. ఆరో తరగతి వాళ్లకు ఆటలతో నేర్పే జీకాంప్రీ, బొమ్మలు గీసే టక్స్ పెయింట్ చాలు. ప్రోగ్రామింగ్ భాష పైథాన్ ఎలాగూ మింట్‌లోనే ఉంటుంది.

తల్లిదండ్రుల సమావేశంలో ఏటా ఒకరైనా అడుగుతారు: “విండోస్ నేర్పకపోతే రేపు ఉద్యోగం ఎలా వస్తుంది మేడం?” అడగడంలో తప్పు లేదు, ఫీజు కడుతున్నది వాళ్లు. పదో తరగతి పిల్లవాడు ఉద్యోగంలో చేరేసరికి ఇప్పటి విండోస్ కూడా ఉండదని చెబుతాను. కొందరు ఒప్పుకుంటారు, కొందరు పెదవి విరుస్తారు. కేరళ ప్రభుత్వ బడుల్లో చాలా ఏళ్లుగా లినక్స్ మీదే చదువు సాగుతోందని చెబితే కాస్త మెత్తబడతారు. ఇంట్లో విండోస్ ఉన్న పిల్లలు రెంటి మధ్య ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతున్నారన్నది నా అనుభవం. ఎక్సెల్‌లో కొన్ని మెనూలు వెతుక్కోవడానికి ఒక పూట పడుతుంది, అంతే.

నిర్వహణ భారం గురించి కూడా రాయాలి. తరగతి మధ్యలో బలవంతంగా రీస్టార్ట్ అయ్యే బెడద లేదు, అప్‌డేట్లు శనివారం నేనే వేస్తాను. అప్‌డేట్ ముందు టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాముతో సిస్టమ్ నకలు (స్నాప్‌షాట్) తీసి పెడితే ఏదైనా బెడిసికొట్టినా పాత స్థితికి వెళ్లిపోవచ్చు. కానీ బడిలో దీని గురించి తెలిసినది నేనొక్కదాన్నే. నేను సెలవు పెడితే ల్యాబుకు తాళం పడుతుంది. కమాండ్లకు భయపడని ఇంకొక టీచరు లేని బడికి నేను దీన్ని గట్టిగా చెప్పలేను.

వేసుకోవాలనుకునే వారు ముందు పెన్‌డ్రైవ్‌లో మింట్ పెట్టుకుని, డిస్క్‌ను ముట్టకుండా లైవ్‌గా నడిపి చూడండి. వైఫై, శబ్దం, ప్రొజెక్టరు, మరీ ముఖ్యంగా మీ ప్రింటరు పనిచేస్తున్నాయేమో అక్కడే తేలిపోతుంది. సీటీసీలో పాత యంత్రం కొనేటప్పుడు కూడా ఆ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లి దుకాణంలోనే బూట్ చేయించండి. కొందరు విసుక్కుంటారు. విసుక్కున్న దుకాణంలో కొనకండి, పక్క అంతస్తులో ఇంకో పది ఉన్నాయి.