"కొరమీను బోన్‌లెస్" కొంటున్నారా? డీఎన్‌ఏ రిపోర్టులో వచ్చింది వేరే చేప

ముందు విషయం చెప్పేస్తా. మన వైపు అందరం వెళ్ళే ఆ ఫ్రోజెన్ చేపల షాపులో కొరమీను బోన్‌లెస్ అని నాకు అమ్మింది కొరమీను కాదు, బాసా. ఊరికే అనుమానంతో అనట్లేదు, ముక్కకి డీఎన్‌ఏ టెస్ట్ చేయించి చెప్తున్నా. కొరమీను అయితే రిపోర్టులో దాని శాస్త్రీయ నామం చన్నా స్ట్రయేటా అని రావాలి. వచ్చింది పంగాసియానోడాన్ హైపోఫ్తాల్మస్. అంటే చెరువుల్లో పంగాసియస్ అని పెంచేది, జనం నోట్లో ఫంగస్ అయిపోయింది, తోలు తీసి ఫ్రీజర్‌లో పెడితే బాసా పేరుతో అమ్ముడుపోయేది.

మామయ్యకి ఆపరేషన్ అయింది. కుట్లు మానడానికి కొరమీను పెట్టమని పెద్దవాళ్ళు చెప్పడం మనందరి ఇళ్ళలో ఉన్నదే. ముళ్ళు ఏరుకుని తినే ఓపిక ఆయనకి లేదని బోన్‌లెస్ తెచ్చాను. స్టిక్కర్ మీద కొరమీను, బిల్లు మీద కొరమీను. పులుసులో వేసిన కాసేపటికే ముక్కలు నీళ్ళు వదిలేశాయి, గరిటె తగలకుండానే విడిపోయాయి. కొరమీను ముక్క చింతపండు పులుసులో ఎంత ఉడికినా గట్టిగా నిలబడుతుంది. మామయ్య సిద్దిపేట దగ్గర చెరువు గట్టున పెరిగిన మనిషి. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది కొర్రమట్ట గాదు బిడ్డా" అని పళ్ళెం పక్కకి జరిపారు. అంతే, ఇంకేం అనలేదు.

షాపుకి ఫోన్ చేస్తే "మీకు వండటం కుదర్లేదేమో మేడమ్" అన్నారు. అందుకే ఫ్రీజర్‌లో మిగిలిన ముక్కల్ని ల్యాబ్‌కి పంపాను. చేప ఖరీదు కన్నా టెస్ట్ ఖర్చే ఎన్నో రెట్లు ఎక్కువైంది. అయినా నాకు బాధ లేదు.

రిపోర్టు, బిల్లు పట్టుకుని వెళ్ళాను. కౌంటర్ ముందు జనం ఉన్నారు. ఓనరు కాగితం పైపైన చూసి, నలుగురికీ వినపడేలా అన్న మాట ఇది: "డీఎన్‌ఏ టెస్టా! అది తండ్రెవరో తేలకపోతే చేయిస్తారు మేడమ్. చేపకి తండ్రెవరైతే మీకెందుకు?" చేపలు కోసే కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. నా పక్కన నిలబడ్డ పెద్దావిడ తల దించుకుంది. ఒక ఆడమనిషితో, అదీ డబ్బులిచ్చి కొన్న మనిషితో మాట్లాడే తీరేనా అది? నేను కదలకుండా అక్కడే నిలబడేసరికి ఆయన గొంతు తగ్గించి, "ఈ రేటుకి నిజం కొరమీను బోన్‌లెస్ ఎక్కడొస్తుంది మేడమ్, అందరికీ తెలిసిందేగా. డబ్బులు తిరిగిస్తా, రివ్యూ మాత్రం పెట్టకండి" అన్నాడు. అంటే పొరపాటున మారిన ప్యాకెట్ కాదది. ఏం అమ్ముతున్నాడో తెలిసే స్టిక్కర్ అంటించాడు. జబ్బు మనిషికని చెప్పి కొన్నా సరే, అదే ప్యాకెట్ చేతిలో పెట్టాడు. నవ్విన నవ్వు కన్నా "అందరికీ తెలిసిందేగా" అన్న మాట నన్ను ఎక్కువ మండిస్తోంది. మా మామయ్యకి తెలియదే? ఆ పెద్దావిడకి తెలుసా?

డబ్బులు తీసుకోలేదు.

ఈ టెస్ట్ ఏంటో తెలియనివాళ్ళకి చెప్తా, ఎందుకంటే దీన్ని వెటకారం చేస్తేనే వాళ్ళకి లాభం. తల, తోలు, పొలుసు, తోక తీసేశాక ఏ తెల్ల ముక్క ఏ చేపదో చూసి చెప్పడం కష్టం. కానీ ముక్కలో ప్రతి కణంలోనూ ఆ జాతి డీఎన్‌ఏ ఉంటుంది. మైటోకాండ్రియాలో (కణానికి శక్తినిచ్చే భాగం) ఉండే సీఓఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాల భాగాన్ని చదివి, ముందే గుర్తించి భద్రపరచిన జాతుల డేటాతో పోలుస్తారు. కెనడాలో గ్వెల్ఫ్ యూనివర్సిటీకి చెందిన పాల్ హెబర్ట్ 2003లో ప్రతిపాదించిన పద్ధతి ఇది, డీఎన్‌ఏ బార్‌కోడింగ్ అంటారు. గోరంత ముక్క చాలు. కొరమీనుకీ బాసాకీ మధ్యే కాదు, కొరమీనుకీ దాని దగ్గరి చుట్టం మట్టగిడసకీ కూడా తేడా చెప్పేస్తుంది.

అమెరికాలో సముద్రాల రక్షణకి పనిచేసే ఓషియానా సంస్థ 2010 నుంచి 2012 వరకు 21 రాష్ట్రాల్లో 1,215 చేప నమూనాలు సేకరించి ఇలాగే పరీక్ష చేయిస్తే మూడో వంతు వేరే పేరుతో అమ్మినవని తేలింది. స్నాపర్ అనే ఖరీదైన సముద్రపు చేప పేరుతో అమ్మినవాటిలో అయితే 87 శాతం. అంత లెక్కాపత్రం ఉన్న దేశంలోనే అలా ఉంటే, ఇక్కడ చేత్తో స్టిక్కర్ అంటించే కౌంటర్‌ని ఎవరు అడుగుతున్నారు?

బాసా తినేవాళ్ళని నేనేమీ అనట్లేదు. కైకలూరు వైపు రైతులు దాన్ని పంగాసియస్ అనే పెంచి, పంగాసియస్ అనే అమ్ముకుంటున్నారు, అందులో మోసం లేదు. దాని మీద మన తెలంగాణ రాష్ట్ర చేప పేరు అంటించి రెట్టింపు రేటు గుంజడమే మోసం. ఒక ఆహారాన్ని ఇంకో ఆహారం పేరుతో అమ్మితే ఆహార భద్రత చట్టం, 2006 ప్రకారం అది మిస్‌బ్రాండింగ్. సెక్షన్ 52 కింద 3 లక్షల దాకా జరిమానా ఉంది.

"ఇది గవర్నమెంట్ ల్యాబ్ రిపోర్ట్ కాదుగా" అని కూడా అన్నాడు ఓనరు. దానికీ దారుంది. అదే చట్టం సెక్షన్ 40 ప్రకారం మామూలు కొనుగోలుదారు కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో (ఆహార పరీక్షలకి ప్రభుత్వం నియమించే అధికారి) పరీక్ష చేయించుకోవచ్చు. కాకపోతే పరీక్షకి పంపుతానని కొనేటప్పుడే షాపువాడికి చెప్పాలి. రిపోర్టులో తప్పు తేలితే కట్టిన ఫీజు వెనక్కి వస్తుంది. కౌంటర్ దగ్గర ఆ ఒక్క మాట గట్టిగా అని చూడండి, ఏ ప్యాకెట్ తీసిస్తాడో.

కొరమీను కావాలంటే హైదరాబాద్ రాంనగర్ లాంటి చేపల మార్కెట్‌లో బతికున్నది చూసి, కళ్ళ ముందే కోయించుకోండి. గాలి పీల్చుకునే చేప కాబట్టి బతికే దొరుకుతుంది. తల, తోలు, ముళ్ళు పోయాక బరువు బాగా తగ్గుతుంది, కాబట్టి బోన్‌లెస్ రేటు బతికున్న కొరమీను రేటుతో సమానంగా ఉంటే అది కొరమీను అయ్యే అవకాశం చాలా తక్కువ. బిల్లు మీద చేప పేరు రాయించుకోండి.

పులస కొనేవాళ్ళు మాత్రం ఈ టెస్ట్‌ని నమ్ముకోకండి. గోదావరి పులసా, బయట నుంచి ఐస్‌లో వచ్చే ఇలసా ఒకే జాతి, కాబట్టి మామూలు బార్‌కోడింగ్‌లో రెండింటికీ ఒకే పేరు వస్తుంది. అక్కడ ఎవరి దగ్గర కొంటున్నారన్నదే ముఖ్యం.

ఫుడ్ సేఫ్టీ అధికారులకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చేశాను. ఫిర్యాదు తేలేదాకా షాపు పేరు ఇక్కడ రాయను, కామెంట్లలో మీరూ రాయకండి. అదే షాపులో బోన్‌లెస్ కొరమీను కొన్నవాళ్ళ దగ్గర బిల్లుంటే, ఫ్రీజర్‌లో ముక్క మిగిలుంటే పారేయకండి. మీరు విడిగా ఇంకో ఫిర్యాదు ఇవ్వండి, నా ఒక్కదాని కాగితాన్ని పక్కన పడేసినంత తేలిగ్గా పది కాగితాల్ని పడేయలేరు.